గాలి పడిపోయిన గంటన్నర

లిఫ్టు మెకానిక్‌కి నీళ్ళంటే భయం లేదు. చేతులు కట్టుకుని కూర్చోవడమంటేనే భయం. ఇరవై ఏడేళ్ళుగా మోటారు గదుల్లో, ఇనుప తాళ్ళ మధ్య, గ్రీజు మరకల్లో తిరిగిన మనిషి. సెలవు రోజున కూడా ఏ కుళాయో, ఏ తలుపు బందో విప్పి ముందరేసుకోకపోతే అతనికి పొద్దు గడవదు. అందుకే, పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని బావమరిది సరస్సులో తెరచాప పడవ షికారుకి రెండు టికెట్లు తెచ్చిస్తే ముందు నడుం నొప్పన్నాడు, తరవాత డ్యూటీ ఉందన్నాడు. భార్య రెండూ విని, ఇస్త్రీ చేసిన చొక్కా మంచం మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడింది. అతను చొక్కా తొడుక్కున్నాడు.

పడవ చిన్నది. మధ్యలో నిలువుకొయ్య, దానికి తెల్ల తెరచాప, అటూ ఇటూ ఎదురెదురుగా రెండు బల్లలు. కాళ్ళు చాపితే ఎదుటివాళ్ళ మోకాళ్ళకు తగులుతాయి. వాళ్ళిద్దరూ కాక ఇంకో ముగ్గురే ఎక్కారు. ముందు కొసన కూర్చున్న కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి, ఒంటరిగా వచ్చిన నలభై ఏళ్ళావిడ ఒకరు. పడవ నడిపే సరంగు బక్కపల్చటి మనిషి, మాటకారి. అందరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడిగి పట్టీలు తనే బిగించాడు. ఛాతీ దగ్గర బిగుతుగా ఉంది, కాస్త వదులు చెయ్యమని మెకానిక్ అడిగితే, ఒడ్డుకొచ్చాక చేద్దామన్నాడు. ఇది ఊరంతా తాగే నీళ్ళు కాబట్టి ఇంజన్లకు అనుమతి లేదనీ, సూర్యుడు దిగే వేళకి సరస్సు నడిమికి చేరి, చీకటి పడుతుండగా వెనక్కొచ్చేస్తామనీ చెప్పాడు.

పడవ కదలగానే మెకానిక్ భార్య మాటలు కలిపేసింది. ఆమెకు కొత్త పాత లేదు. ఒంగి నీళ్ళు చూస్తుంటే ఆమె కళ్ళజోడు జారి ముక్కు చివరికొచ్చింది. ఎదురుగా కూర్చున్న ఆవిడ చెయ్యి చాపి, ఒకసారి ఇమ్మని తీసుకుని, కొసలు రెండూ బొటనవేలితో చిన్నగా వంచి తిరిగిచ్చింది. పెట్టుకుంటే చెవుల వెనక అతికినట్టు కూర్చుంది. తనకు కళ్ళజోళ్ళ దుకాణం ఉందనీ, అద్దాలు కోసి ఫ్రేముల్లో బిగించే పని తానే చేస్తాననీ ఆవిడ చెప్పింది. అంతే, మెకానిక్ భార్యకు ఆవిడ ఇంటి మనిషైపోయింది. పాతికేళ్ళ పెళ్ళి సంగతి, కూతురి ఉద్యోగం, తన మోకాళ్ళ నొప్పి, అన్నీ వరసగా ఆవిడ ఒళ్ళో పోసింది. ఆవిడ కూడా నవ్వుతూ ఊ కొడుతూ, మాటల మధ్యలో ఈమెను వదినగారనీ, ఇతన్ని అన్నయ్యగారనీ పిలవడం మొదలుపెట్టింది.

సరస్సు నడిమికి చేరేసరికి గాలి పడిపోయింది. కాస్త కాస్తగా తగ్గడం కాదు, ఎవరో స్విచ్చి నొక్కినట్టు ఆగిపోయింది. తెరచాప తడిబట్టలా వేలాడింది. నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా అయిపోయాయి. సరంగు చుక్కాని వదిలేసి చేతులు దులుపుకున్నాడు.

"గాలి మా మామగారి లాంటిదండీ. పిలిస్తే రాడు, వద్దన్నప్పుడే దిగుతాడు," అన్నాడు. "కొండల వైపు నించి ఇంకో గాలి రావాలి. గంట పట్టొచ్చు, గంటన్నర పట్టొచ్చు. కంగారేం లేదు."

మెకానిక్ తెడ్లు లేవా అని అడిగాడు. ఉన్నాయి గానీ, తెరచాప పడవను తెడ్లతో ఒడ్డుకు లాగాలంటే రెండు గంటలు పైనే పడుతుందనీ, ఆలోగా గాలే వస్తుందనీ సరంగు చెప్పాడు. పోనీ నేను వేస్తాను, నాకు అలవాటేనని మెకానిక్ లేవబోయాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. కొత్త పెళ్ళికూతురు భర్త చెయ్యి పట్టుకుంది. కూర్చోమని సరంగు నెమ్మదిగానే చెప్పాడు గానీ ఆ మాటలో ఆజ్ఞ ఉంది. మెకానిక్ కూర్చున్నాడు.

"నడినీళ్ళలో ఇరుక్కుపోయాం చూడండి," అంది భార్య, సరదాగానే.

కళ్ళజోళ్ళావిడ తల అడ్డంగా ఊపింది. ఇది ఇరుక్కోవడం కాదంది. ఇరుక్కోవడమంటే ఏమిటో తనకు తెలుసనీ, నెల నెలా ఈ పడవ ఎక్కేది కూడా అందుకేననీ అంది. నాలుగు వైపులా గోడ లేని చోటు ఈ ఊళ్ళో ఇదొక్కటేనట.

ఆ మాట తరవాత మెకానిక్ భార్య ఊరుకునే మనిషి కాదు. ఏమైందని అడిగింది. తన భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అనీ, తలుపులు పడి లోపల ఇరుక్కున్న వాళ్ళను ఎంతమందిని బయటికి తీశాడో లెక్కే లేదనీ గొప్పగా చెప్పింది.

ఆ మాటకు ఆవిడ అతని వంక తిరిగి కొంచెంసేపు చూసింది. తాను ఇరుక్కున్నది లిఫ్టులోనేనని అంది.

ఆరేళ్ళ కిందటి సంగతి. అప్పట్లో ఆవిడ దుకాణం సొంతది కాదు. పోస్టాఫీసు వెనక ఐదంతస్తుల భవనంలో, నాలుగో అంతస్తులో అద్దాలు కోసే పని చేసేది. ఒక శనివారం మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక, మిగిలిన రెండు జతలు పూర్తిచేసి, పైన సామాన్ల గదిలో ఒక పెట్టె పెట్టొద్దామని లిఫ్టు ఎక్కింది. ఫోను బల్ల మీద ఛార్జింగులో ఉంది. ఐదో అంతస్తు చేరకముందే లిఫ్టు ఆగిపోయింది.

పోస్టాఫీసు వెనక అనగానే మెకానిక్ తల తిప్పుకున్నాడు. అతను నీళ్ళ వైపు చూశాడు. ఒడ్డు అన్ని వైపులా ఒకే దూరంలో ఉంది.

ఆవిడ చెబుతూనే ఉంది. గంట బొత్తాం నొక్కింది. అది నొక్కితే కింద వాచ్‌మన్ గదిలో గంట మోగుతుందని అక్కడ రాసి ఉంది. కాబట్టి లోపల వినిపించకపోయినా ఎవరో వస్తారనుకుంది. అరగంటకోసారి నొక్కింది. తరవాత వదలకుండా నొక్కింది. అరిచింది. పెట్టె మూతతో తలుపు కొట్టింది. ఇంటి దగ్గర ఎదురుచూసే వాళ్ళెవరూ లేరు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, మెట్లు ఊడవడానికి వచ్చిన మనిషి చప్పుడు విని పరుగెత్తుకెళ్ళి చెప్పేదాకా పంతొమ్మిది గంటలు అందులోనే ఉంది. లోపల ఏం జరిగిందీ, ఎలా ఉందీ ఆవిడ చెప్పలేదు. బయటికొచ్చాక ఆరు నెలల పాటు స్నానాల గది తలుపు కూడా వేసుకోలేకపోయానని మాత్రం అంది.

కొత్త పెళ్ళికూతురు ఫోటోలు తీయడం ఆపి ఫోను ఒళ్ళో పెట్టుకుంది. సూర్యుడు కొండ అంచుకు దిగాడు. ఎవరూ అటు చూడటం లేదు.

మెకానిక్‌కి ఇప్పుడు ఆ ముఖం గుర్తొచ్చింది. ఆ ఆదివారం అతను వెళ్ళేసరికి ఆవిణ్ణి అప్పటికే బయటికి తీశారు. మెట్ల మీద, తల మీద తడి తువ్వాలుతో, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అతను ఆవిణ్ణి దాటుకుని, సంచీ పట్టుకుని, గబగబా పైకెక్కి మోటారు గదిలోకి వెళ్ళాడు.

"వాచ్‌మన్ పడుకున్నాడన్నారు," అంది కళ్ళజోళ్ళావిడ. "నేనూ అదే రాసిచ్చాను. ఉద్యోగం పోయింది ఆయనకి. తరవాత రెండుసార్లు నా దగ్గరికొచ్చాడు. అమ్మా, నేను పడుకోలేదు, గంట మోగలేదు అని. నేను తలుపేశాను." ఆవిడ మెకానిక్ వైపు ఒంగింది. "అన్నయ్యగారూ, మీరు ఈ పనిలో ఉన్నవారు. ఒక మాట చెప్పండి. ఆ ముందు గురువారమే మెకానిక్ వచ్చి చూసి, గంట బాగుందని తనిఖీ కార్డులో రాశాట్ట. ఆదివారం బిల్డింగు మేనేజరు అందరి ముందూ నొక్కితే మోగింది కూడాను. మరి ఆ వాచ్‌మన్ మోగలేదని ఎందుకంటాడు? అన్నిసార్లు ఎందుకు తిరుగుతాడు?"

ఆవిడ నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ గొంతులో అనుమానం లేదు. అదే అతన్ని ఎటూ కదలకుండా చేసింది. జాకెట్ పట్టీ ఊపిరాడనివ్వడం లేదు. వేళ్ళతో పట్టీ బిళ్ళ కోసం వెతికాడు గానీ అది చంక కింద ఎక్కడో ఉంది.

ఒక్కోసారి వైరు వదులవుతుందని అన్నాడు. తగిలీ తగలకుండా ఉంటే ఒకప్పుడు మోగుతుందనీ, ఒకప్పుడు మోగదనీ, అలాంటివి ఎవరూ కనిపెట్టలేరనీ చెప్పాడు. చెబుతుంటే తన గొంతు తనకే పరాయివాడిదిలా వినిపించింది. ఆరేళ్ళ కిందట విచారణలో కూడా ఇంత మెత్తగానే మాట్లాడాడు. గురువారం నేను చూశాను సార్, మోగింది, అన్నాడు. వాచ్‌మన్ అప్పుడు మేనేజరు వైపు చూడలేదు. ఇతని వైపు చూశాడు.

కళ్ళజోళ్ళావిడ తలూపింది. అయితే ఎవరి తప్పూ కాదేమో అంది, కొంచెం తేలికపడ్డట్టు.

అక్కడితో అయిపోయేదే. సరంగు మంచినీళ్ళ సీసాలు అందించాడు. అందరూ తాగారు. ఆకాశం ఎర్రబడింది. కానీ మెకానిక్ భార్య నుదురు చిట్లించి ఏదో గుర్తుచేసుకుంటోంది. ఆమెకు ఏ పండు ఎప్పుడు కొన్నదీ, ఏ చుట్టం ఎప్పుడొచ్చిందీ తారీఖులతో సహా గుర్తుంటాయి.

"ఏమండీ, పోస్టాఫీసు వెనకంటే మీరు చూసే బిల్డింగే కదూ అది? ఒక ఆదివారం పొద్దున్నే ఫోనొస్తే కంగారుగా వెళ్ళారు. నాకు బాగా గుర్తు. బ్యాటరీ కావాలని, షాపులన్నీ మూసున్నాయని, మన ఎమర్జెన్సీ లైటు విప్పేసి అందులోది పట్టుకెళ్ళారు. ఆ వారమంతా కరెంటు పోతే నేను చీకట్లో..."

అక్కడ ఆగింది. ఆమె మాట మధ్యలో ఆపడం పాతికేళ్ళలో అతను ఎప్పుడూ చూడలేదు. ఆమె కళ్ళు అతని ముఖం మీదికి వచ్చి అక్కడే నిలిచిపోయాయి.

ఎవరూ కదల్లేదు. పడవ కూడా కదల్లేదు.

ఇంకా ఒక అబద్ధానికి చోటుంది. అది మోటారుకి వేసే బ్యాటరీ అని చెప్పొచ్చు. లిఫ్టు సంగతులు ఈ పడవలో ఎవరికీ తెలియవు. నమ్ముతారు. భార్య కూడా నమ్మినట్టు ఉండిపోతుంది, ఇంటికెళ్ళాక కూడా అడగదు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అప్పుడు కళ్ళజోళ్ళావిడ, ఏదో అర్థమవుతున్నా అర్థం చేసుకోవడం ఇష్టం లేనట్టు, ఏ బ్యాటరీ అన్నయ్యగారూ అని అడిగింది.

"గంటది," అన్నాడు. "గంట బ్యాటరీదమ్మా. గురువారం నేను చూసినప్పుడే అది ఉబ్బిపోయి ఉంది. గంట గొణిగినట్టు మోగింది. స్టోరులో కొత్తది లేదు. వచ్చే వారం వేద్దాంలే అనుకుని బాగుందని రాసేశాను. ఆదివారం ఫోన్ రాగానే నాకు తెలిసిపోయింది. ఎవరూ చూడకముందే పైకెళ్ళి మార్చేశాను. మేనేజరు నొక్కినప్పుడు మోగింది మా ఇంటి బ్యాటరీ. వాచ్‌మన్ పడుకోలేదు."

చెప్పేశాక తేలికవుతుందని జనం అంటారు. అతనికి ఏమీ తేలికవలేదు. ఎదురుగా ఆవిడ మోకాళ్ళు అతని మోకాళ్ళకు జానెడు దూరంలో ఉన్నాయి. ఆవిడ కాళ్ళు వెనక్కి లాక్కుంది. లాక్కోవడానికి అంతకంటే చోటు లేదు.

బ్యాటరీ మార్చడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది.

ఐదు నిమిషాలని చెప్పాడు.

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. తిడితే అతను తలవంచుకునేవాడు, దానికో పద్ధతి ఉంది. ఆవిడ రెండు చేతులూ పడవ అంచు మీద పెట్టి, గట్టిగా పట్టుకుని, నీళ్ళలోకి చూస్తూ కూర్చుంది. ఆవిడ ఊపిరి వేగంగా తీస్తోందని అతను గమనించాడు. నెల నెలా ఏ చోటుకైతే గోడలుండవని వస్తోందో ఆ చోటులోకి తానే గోడలు తెచ్చి పెట్టాడు. లేచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళడానికి ఏముంది? అటు నాలుగడుగులు, ఇటు రెండడుగులు.

కొత్త పెళ్ళికొడుకు గొంతు సవరించుకుని, సూర్యుడు దిగిపోయాడని ఎవరితోనో అన్నట్టు అన్నాడు. పెళ్ళికూతురు అతన్ని మోచేత్తో పొడిచింది. సరంగు తెరచాప తాడును అనవసరంగా విప్పి మళ్ళీ కట్టాడు. మెకానిక్ తన భార్య వైపు చూసే ధైర్యం చెయ్యలేదు. ఆమె లేచి, పడవ ఒరగకుండా జాగ్రత్తగా, ఎదుటి బల్ల మీదికి మారి కళ్ళజోళ్ళావిడ పక్కన కూర్చుంది. ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకోబోయి, తీసుకోకుండా పక్కన పెట్టి ఊరుకుంది. ఇప్పుడు ఆ బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు, ఈ బల్ల మీద అతనొక్కడు. బరువు సరిచేయడానికి సరంగు వచ్చి అతని వైపు కూర్చున్నాడు.

అలా నలభై నిమిషాలు గడిచాయి.  పనిలో ఉండగా ఇనుప తాడు తెగబోయిన రోజు, పిట్టగోడ మీంచి కాలు జారిన రోజు, అవన్నీ అతనికి రెండు మూడు క్షణాల సంగతులు. దీనికి చివర కనిపించలేదు. నీళ్ళు నల్లబడ్డాయి. ఒడ్డున దీపాలు వెలిగాయి, చేతికందనట్టు.

అప్పుడు చెవి వెనక చల్లగా తగిలింది. తెరచాప ఒకసారి ముడుచుకుని, ఒక్కసారిగా నిండింది. సరంగు లేచి చుక్కాని పట్టుకున్నాడు.

రేవులో దిగాక కొత్త జంట వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. మెకానిక్ జాకెట్ విప్పుకుని, ఏం చెయ్యాలో తెలియక దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. క్షమించమని అడగబోయాడు. కళ్ళజోళ్ళావిడ చెయ్యెత్తి ఆపింది. ఇంతసేపూ దాచుకున్న మాట ఆవిడ అప్పుడు అంది.

"నా పంతొమ్మిది గంటల సంగతి తరవాత చూద్దాం. అది మీకూ నాకూ మధ్యది. ఆ వాచ్‌మన్‌ది ఆరేళ్ళు. అందులో సగం తప్పు నాది. రేపు పదింటికి మా షాపుకి రండి. ఆయనెక్కడున్నాడో నాకు తెలుసు."

ఈసారి అన్నయ్యగారూ అనలేదు.

ఇంటికొచ్చే దారిలో భార్య బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇల్లు చేరాక వంట చేసింది, వడ్డించింది. అతను తినలేక లేవబోతుంటే, తిని లెమ్మంది. రేపు నేనూ వస్తానంది. 

మర్నాడు ముగ్గురూ కలిసి వెళ్ళారు. వాచ్‌మన్ ఇప్పుడు ఒక ఆసుపత్రి ముందు బళ్ళ స్టాండులో చీటీలు చింపుతున్నాడు. జుట్టు బాగా నెరిసింది. కళ్ళజోళ్ళావిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. వెనక మెకానిక్‌ని చూసి మళ్ళీ కూర్చున్నాడు. ఎండలో నిలబడి మెకానిక్ మొత్తం చెప్పాడు. మధ్యలో రెండు బళ్ళొచ్చాయి. వాచ్‌మన్ వాటికి చీటీలిచ్చి, చెప్పమన్నట్టు తలూపాడు. కళ్ళజోళ్ళావిడ కూడా తన వంతు చెప్పింది. రెండుసార్లు తలుపేసినందుకు తప్పు నాదేనంది.

వాచ్‌మన్‌కి కోపం వచ్చినట్టు లేదు. ఆశ్చర్యం కూడా లేదు.

"ఇదంతా నాకెందుకు చెబుతారు? నేను పడుకోలేదని నాకు తెలుసు కదా," అన్నాడు. "మా ఆవిడకి చెప్పండి. ఆమె ఏమీ అనదు. ఆరేళ్ళుగా ఏమీ అనదు."

పక్క స్టాండు మనిషికి చీటీల పుస్తకం అప్పగించి వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళాడు. రెండు వీధుల అవతల, మేడ మెట్ల కింద ఒక గది. వాచ్‌మన్ భార్య బట్టలకు గుండీలు కుడుతోంది. ముగ్గురికీ చాప వేసి, సూది బట్టకు గుచ్చి పక్కన పెట్టింది. మెకానిక్ రెండోసారి చెప్పాడు. ఎమర్జెన్సీ లైటు సంగతి వచ్చేసరికి ఆ ముక్క అతని భార్య అందుకుని చెప్పింది.

వాచ్‌మన్ భార్య అంతా విని భర్త వైపు తిరిగింది.   ఆయన గుమ్మంలోనే నిలబడి చొక్కా చేతులు సరిచేసుకుంటున్నాడు. ఆమె లేచి మొహం కడుక్కుని వచ్చింది.

ఆ ఉద్యోగం ఇప్పించింది తన అన్నయ్యేననీ, నిద్రమొహంగాడి కోసం మాట పోగొట్టుకున్నానని ఇప్పటికీ నలుగురిలో అంటాడనీ చెప్పింది. అన్నయ్య ఇవాళ ఒంటిగంటకి ఇక్కడికే భోజనానికొస్తాడట. అప్పటిదాకా ఉండి, ఈ మాటే, ఇలాగే, అతనికి కూడా చెప్పి వెళ్ళాలట. ఆ తరవాత పై వాటాలో ఇంటివాళ్ళున్నారు. వాళ్ళకూ చెప్పాలి. లిఫ్టు కంపెనీకి కాగితం కూడా రాసివ్వాలి.

రాస్తానన్నాడు మెకానిక్. రాస్తే తన సంగతి ఏమవుతుందో అతనికి తెలుసు, భార్యకూ తెలుసు. ఆమె సంచీలోంచి పెన్ను తీసి చాప మీద అతని ముందు పెట్టింది. వాచ్‌మన్ భార్య ఒక నోటుపుస్తకంలోంచి రెండు కాగితాలు చించి ఇచ్చింది. కళ్ళజోళ్ళావిడ గోడకు ఆనుకుని, తెరిచి ఉన్న తలుపుకు దగ్గరగా జరిగి కూర్చుంది.

గోడ గడియారంలో పదకొండున్నరయింది. మెకానిక్ ఆ గురువారం తారీఖుతో రాయడం మొదలుపెట్టాడు.